చిప్ప ఎక్కడుంది? ప్రాచీన మెసోఅమెరికా సమాధుల్లో సముద్రపు నగలు

మెక్సికో నగరానికి ఈశాన్యాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, టియోటివాకాన్ అనే ప్రాచీన మహానగరంలో, ఈకల సర్పం పేరుతో ప్రసిద్ధమైన ఒక పిరమిడ్ ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో దాన్ని కట్టేటప్పుడు పునాదుల కిందా, గోడల చుట్టూ మనుషులను బలి ఇచ్చి గుంపులు గుంపులుగా పూడ్చారు. 1980లలో, ముఖ్యంగా రూబెన్ కాబ్రేరా, సబురో సుగియామా, జార్జ్ కౌగిల్ కలిసి 1988-89లో సాగించిన తవ్వకాల్లో, 130కి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. మొత్తం బలైనవారు 200 మందికి తక్కువ ఉండరని అంచనా. చాలామంది చేతులు వీపు వెనక కట్టేసి ఉన్న తీరులోనే ఎముకలు మిగిలాయి. సైనిక వేషంలో ఉన్న మగవారి మెడల దగ్గర విచిత్రమైన దండలు కనిపించాయి. చూడగానే అవి మనుషుల పై దవడలను వరసగా గుచ్చిన దండలు. దగ్గరగా చూస్తే ఆ పళ్ళలో అత్యధికం పళ్ళు కావు. సముద్రపు చిప్పను కోసి, అరగదీసి, ముందరి పన్ను ముందరి పన్నులా, కోరపన్ను కోరపన్నులా ఒక్కొక్కటిగా మలిచిన ముక్కలు. కొద్దిమంది మెడలో మాత్రం నిజమైన మనిషి దవడలే ఉన్నాయి.

సమాధిలో నగ దొరికిందనగానే సాధారణంగా మనసుకు తట్టేది, పోయినవారి మీద ప్రేమతోనో గౌరవంతోనో బంధువులు పెట్టిన కానుక. టియోటివాకాన్ దండలు ఆ ఊహలో ఇమడవు. వాటిని పెట్టింది బంధువులు కారు, చంపించిన రాజ్యం. శత్రువుల దవడలను మెడలో వేసుకు తిరిగే యోధుడి ఆహార్యం అది. నిజమైన దవడలు అందరికీ చాలవు కాబట్టి, లేదా అందరికీ దక్కే హక్కు లేదు కాబట్టి, చిప్ప పళ్ళు ఆ లోటు తీర్చాయి. ఇదే ఖండంలో ఇదే చిప్ప మరో సమాధిలో తల్లి గర్భానికి గుర్తు, ఇంకో సమాధిలో సముద్రపు అడుగుకు గుర్తు, వేరొకచోట శవం కంటికి తెల్లగుడ్డు. అందువల్ల మెసోఅమెరికా సమాధుల్లోని సముద్రపు నగలను గురించి మాట్లాడేటప్పుడు చిప్ప ఏ జాతిది, ఎన్ని ఉన్నాయి అన్న లెక్క ఒక్కటే సరిపోదు. అది శవం మీద ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది, దానికి బెజ్జం ఉందా, ఆ బెజ్జం అంచు దారం ఒరిపిడికి అరిగిందా అన్న ప్రశ్నల దగ్గరే అసలు అర్థం దొరుకుతుంది.

ముందు పదార్థం సంగతి చూడాలి. మెసోఅమెరికా అంటే మెక్సికో నడిమి భాగం నుంచి గ్వాటెమాలా, బెలీజ్ మీదుగా హోండురాస్ వరకు వ్యాపించిన ప్రాచీన నాగరికతల ప్రాంతం. దానికి పడమట పసిఫిక్ మహాసముద్రం, తూర్పున మెక్సికో సింధుశాఖ, కరిబియన్ సముద్రం ఉన్నాయి. అన్ని చిప్పల్లోకీ అత్యంత విలువైనది స్పాండిలస్, అంటే ముళ్ళ ఆల్చిప్ప. ఒంటి నిండా ముళ్ళతో, ఎరుపు, నారింజ, ఊదా రంగుల్లో ఉండే ఈ జీవి నీటి అడుగున రాళ్ళకు అతుక్కుని పెరుగుతుంది. ఒడ్డున ఏరుకుంటే మంచిది దొరకదు. ఈతగాడు లోతుకు మునిగి రాతి నుంచి ఊడబెరికి తేవాలి. తెచ్చాక కూడా అది నగ కాదు. పైన పట్టిన నాచునూ పురుగు గూళ్ళనూ గీకాలి, ముళ్ళు నరకాలి, లోపలి తెల్లటి పొరను అరగదీయాలి. అప్పుడే ఆ నెత్తురెరుపు బయటపడుతుంది. ఇవి కాక ముత్యపు చిప్ప, కరిబియన్‌లోని రాణి శంఖం, కొస కోసి వేలాడగడితే గజ్జెల్లా గలగలమనే ఒలివా గవ్వలు ఎక్కువగా వాడుకలో ఉండేవి. మన దేవుడి గదుల్లో ఉండే పూజాశంఖం టర్బినెల్లా ప్రజాతికి చెందింది. మెక్సికో ఆగ్నేయాన ఉన్న యుకటాన్ ద్వీపకల్పం తీరంలో, అక్కడి ప్రాచీన జాతి అయిన మాయా ప్రజలు వాడిన శంఖాల్లో ఒకటి సరిగ్గా ఆ ప్రజాతిదే కావడం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి.

ఇంత దూరం ఇవి ఎలా చేరాయన్నది చిన్న విషయం కాదు. టియోటివాకాన్ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. రెండు తీరాలూ వందల కిలోమీటర్ల దూరం. బరువు మోసే పశువులు లేవు, బండ్లు లేవు. అంతా మనిషి వీపు మీదే, నుదుటికి తగిలించిన పట్టీ ఆధారంతో మోయాలి. దక్షిణ మెక్సికోలోని వహాకా లోయలో ఉన్న ఎహుత్లా గ్రామంలో పురావస్తు శాస్త్రవేత్తలు గ్యారీ ఫైన్‌మన్, లిండా నికొలస్ జరిపిన తవ్వకాలు ఈ ప్రయాణంలో ఒక మజిలీని చూపించాయి. పర్వతాల అవతలి పసిఫిక్ తీరం నుంచి వచ్చిన చిప్పలను అక్కడ మామూలు ఇళ్ళలోనే కోసి నగలు చేసేవారు. ఇళ్ళ పక్కన తరుగు కుప్పలు కుప్పలుగా మిగిలింది గానీ పూర్తయిన నగలు అక్కడ పెద్దగా దొరకలేదు. చేసినవారి ఒంటి మీదకు కాకుండా మరొకరి ఒంటి మీదకు పోయిన నగలు అవి.

పనితనం గురించి తెలిసిన దానిలో చాలా భాగం మెక్సికో నగరంలో, అజ్టెక్‌ల మహాలయమైన తెంప్లో మయోర్ మ్యూజియంలో ఆద్రియాన్ వెలాస్కెస్ కాస్త్రో నడిపిన ప్రయోగశాల వల్ల తెలిసింది. ఆయన బృందం ప్రాచీన పనిముట్ల వంటివే తయారు చేసి, వాటితో కొత్త చిప్పలను కోసి, అరగదీసి, తొలిచి, ఆ గీతలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పురాతన నగల మీది గీతలతో పోల్చింది. రాతితో అరగదీస్తే ఒక రకం గీత పడుతుంది, అగ్నిపర్వత గాజు పెచ్చుతో కోస్తే ఇంకో రకం, చెకుముకి కొసతో తొలిస్తే మరో రకం. కంటికి ఒకేలా కనిపించే రెండు పూసలు వేర్వేరు సంప్రదాయాల కార్మికుల చేతుల్లోంచి వచ్చాయో, ఒకే కార్ఖానా సరుకో ఇలా తేలుతుంది. లోహపు పనిముట్టు లేకుండా చిప్పను కోయడం ఎంత ఓపికతో కూడిన పనో ఆ ప్రయోగాలు చూస్తే అర్థమవుతుంది. సమాధిలో పెట్టిన ఒక్కో పూస వెనక మునిగినవాడి ఊపిరి, మోసినవాడి వీపు, తొలిచినవాడి రోజులు ఉన్నాయి.

చిప్ప నగలు రాజులతో మొదలు కాలేదు. ఉత్తర బెలీజ్‌లోని కాషోబ్ అనే మాయా గ్రామంలో, క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది తొలి సగంలోనే, ఇంటి నేల కింద పూడ్చిన ఒక మగవాడి వెంట చిప్ప పూసలు వేల సంఖ్యలో ఉన్నాయి. అప్పటికి ఆ గ్రామంలో పిరమిడ్లు లేవు, శాసనాలు లేవు, కిరీటాలు లేవు. ఉన్నది ఒక ఇల్లు, ఆ ఇంటి పెద్ద. ఆ ఇంటి స్థలం మీద తర్వాతి తరాలు మళ్ళీ మళ్ళీ కట్టుకుంటూ పోయాయి. పెద్దవాడిని ఊరి బయటకు కాకుండా కాళ్ళ కిందే ఉంచుకోవడం, ఆయన నగలను వారసులు తీసి పంచుకోకుండా ఆయనతోనే భూమికి అప్పగించడం, ఈ నేల మాది అని చెప్పుకునే పద్ధతి. ఇంటి కింద శవం ఉండటం అరిష్టమని భావించే సంస్కారం ఉన్నవారికి ఇది వింతగా తోచవచ్చు. మాయా ప్రజలకు మాత్రం అది ఇంటికి వేరు లాంటిది.

16వ శతాబ్దంలో యుకటాన్‌లో ఉన్న స్పానిష్ మతగురువు డియేగో దె లాండా అదే అలవాటును అప్పటికీ చూశాడు. పోయినవారిని ఇంట్లోనో ఇంటి వెనకో పూడుస్తారనీ, నోట్లో దంచిన మొక్కజొన్న పిండినీ, డబ్బుగా చెల్లే రాళ్ళనూ పెడతారనీ, పరలోకంలో తిండికి లోటు లేకుండా చూడటం దాని ఉద్దేశమనీ రాశాడు. ఎర్రటి చిప్పలు నాణేలుగానూ నగలుగానూ చెల్లేవని కూడా ఆయన రాతల వల్ల తెలుస్తోంది. మాయా సంస్కృతిని రాసిపెట్టిన ఈయనే మాయా గ్రంథాలను తగలబెట్టించాడన్నది మరచిపోరాని విషయం. అయినా ఆయన చెప్పిన ఒక చిన్న వివరం తవ్వకాలకు తాళంచెవి అయింది. మాయా ఆడపిల్లలకు నడుము కింద దారంతో ఒక చిప్ప కట్టేవారు, మగపిల్లలకు తలవెంట్రుకలకు తెల్ల పూస కట్టేవారు. యుక్తవయసు సంస్కారం జరిగే దాకా వాటిని తీయడం తప్పు. తెలుగు ఊళ్ళలో ఒకప్పుడు ఆడపిల్ల మొలతాడుకు వేసిన సిగ్గుబిళ్ళ ఎరిగినవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు. రెంటికీ చారిత్రక సంబంధమేమీ లేదు. కానీ కటి ఎముకల మధ్య ఒకే ఒక్క బెజ్జం వేసిన చిప్ప దొరికినప్పుడు దాన్ని విలువైన వస్తువు అని చీటీ రాసి పెట్టెలో పెట్టేస్తే ఎంత పోతుందో ఈ పోలిక చెబుతుంది. అది పిల్ల బతికుండగా ఒంటి మీద ఉన్న వస్తువు. ఆ చిప్పతోనే పూడ్చారంటే దాన్ని విప్పవలసిన వేడుక జరగకముందే పిల్ల పోయిందన్నమాట.

ఆ చిన్న చిప్ప రాచరికపు శిల్పాల్లో పెద్ద రూపం దాల్చింది. మాయా శిలాస్తంభాల మీద రాణులూ, మొక్కజొన్న దేవుడి వేషంలో ఉన్న రాజులూ పచ్చరాతి పూసల వల లాంటి వస్త్రం కట్టి, నడుము మీద సొరచేప ముఖాన్నీ దాని కింద ఒక ఎర్ర స్పాండిలస్ చిప్పనూ ధరించి కనిపిస్తారు. చిప్ప సరిగ్గా కటి ప్రదేశం మీదకు వస్తుంది. గర్భాన్నీ, నీటినీ, మొలకెత్తడాన్నీ ఒకచోట కలిపిన గుర్తు ఇది. మొక్కజొన్న గింజ భూమిలోకి పోయి తిరిగి లేచినట్టు, రాజు నీటి లోకంలోకి దిగి తిరిగి లేస్తాడు. శాసనాల్లో రాజుల మరణానికి వాడిన మాటల్లో ఒకదానికి అక్షరార్థం ‘నీళ్ళలోకి ప్రవేశించాడు’ అని. గ్వాటెమాలాలోని మాయా నగరం టికాల్‌లో మొదటి ఆలయం కింద 1962లో బయటపడిన జసావ్ చాన్ కవీల్ రాజు సమాధిలో, ఎముక ముక్కల మీద సన్నగా చెక్కిన బొమ్మల్లో, మొక్కజొన్న దేవుణ్ణి పడవలో ఎక్కించుకుని నీళ్ళలోకి మునిగిపోతున్న తెడ్డు దేవతలు ఉన్నారు. ఆ ఊహతో చూస్తే, సముద్రానికి దూరంగా అడవి నడుమ ఉన్న రాతి గదిలో చిప్పలు పరచడం సంపద ప్రదర్శన మాత్రమే కాదు. గదిని సముద్రంగా మార్చడం.

మెక్సికో దక్షిణాన ఉన్న మాయా నగరం పలెంకేలో ఈ ఊహ స్పష్టంగా కనిపిస్తుంది. పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ 1949లో శాసనాల ఆలయం నేలలో రాళ్ళు పూడ్చిన మెట్లదారి కనిపెట్టి, ఏళ్ళ తరబడి రాళ్ళు తోడించి, 1952లో పకాల్ రాజు సమాధి గదికి చేరాడు. గదికి ముందే, మెట్ల అడుగున, ఒక రాతి పెట్టెలో మట్టి పళ్ళేలు, పచ్చరాతి పూసలు, ఎర్రరంగు నింపిన చిప్పలు, ఒక ముత్యం ఉన్నాయి. 683లో మరణించిన ఆ రాజు ముఖం మీది పచ్చరాతి ముసుగుకు కళ్ళు చిప్పతో చేసినవి; నల్లగుడ్డు అగ్నిపర్వత గాజు. శవం కళ్ళు మూసి ఉన్నా ముసుగు కళ్ళు తెరిచే ఉంటాయి. పక్కనే ఉన్న పదమూడో ఆలయంలో 1994లో దొరికిన స్త్రీ సమాధికి ‘ఎర్ర రాణి’ అని పేరు వచ్చింది, ఎముకలన్నిటి మీదా ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజపు పొడి పరచి ఉండటం వల్ల. ఆమె పకాల్ భార్య కావచ్చని ఎక్కువమంది నమ్ముతారు. ఆమె వెంట ఉంచిన వాటిలో ఒక చిన్న స్పాండిలస్ చిప్ప, దానిలోపల సున్నపురాతితో చేసిన చిన్న స్త్రీ బొమ్మ ఉన్నాయి. రాతి పెట్టెలో రాణి పడుకున్నట్టే చిప్పలో బొమ్మ పడుకుంది. ఒక్క వస్తువులో సమాధి మొత్తాన్నీ ఇంత చిన్నగా చెప్పిన ఉదాహరణ మెసోఅమెరికాలో మరొకటి చూపించడం కష్టం.

కంటి సంగతి వచ్చింది కాబట్టి టికాల్‌లోనే మరో పాత సమాధిని ప్రస్తావించాలి. క్రీ.శ. మొదటి శతాబ్దానికి చెందిన 85వ సమాధిలో శవాన్ని మూటగా కట్టి కూర్చోబెట్టారు. అందులో తల లేదు, తొడ ఎముకలు లేవు. తల ఉండవలసిన చోట మూట మీద ఒక చిన్న పచ్చరాతి ముసుగు కుట్టి ఉంది. దాని కళ్ళూ పళ్ళూ చిప్పతో పొదిగినవి. మూటలో ఒక టేకు చేప ముల్లు, ఒక స్పాండిలస్ చిప్ప కూడా ఉన్నాయి. టేకు ముల్లు రాజులు తమ ఒంటిని తామే గుచ్చుకుని నెత్తురు అర్పించే సాధనం. తల పోయినవాడికి చూపునూ మాటనూ చిప్ప ముక్కలు తిరిగి ఇచ్చాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

చిప్ప మాట్లాడటం అన్నది ఒకచోట అక్షరాలా జరిగింది. ఉసుమసింతా నది ఒడ్డున ఉన్న మాయా నగరం పీద్రాస్ నెగ్రాస్‌లో 1930లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు తవ్విన 5వ సమాధిలో, ఒక మగవాడూ ఇద్దరు పిల్లలూ ఉన్నచోట, అక్షరాలు చెక్కిన నాలుగు చిప్ప పలకలు దొరికాయి. వాటి మీద ఉన్నది ఆ మగవాడి చరిత్ర కాదు, ఒక స్త్రీ చరిత్ర. నమాన్ అనే ఊరి ఆడపడుచు కాతున్ అహావ్ 674లో పుట్టడం, 12 ఏళ్ళకు 686లో పీద్రాస్ నెగ్రాస్ రాజకుమారుడితో సంబంధం కుదరడం అందులో ఉన్నాయి. సమాధి 729లో పోయిన ఆమె భర్తదే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే, భర్త వెంట భార్య పుట్టినరోజు, పెళ్ళిమాట వెళ్ళాయి. శిలాస్తంభం మీది రాత ఊరంతా చూడటానికి. అరచేతిలో ఇమిడే చిప్ప పలక మీది రాత చూసేది ధరించినవారు, పక్కనున్నవారు మాత్రమే. సమాధిలోకి వెళ్ళాక అదీ లేదు. రాజవంశ చరిత్రలో ఇంత అంతరంగికమైన రాత అరుదు.

మాయా ప్రాంతం వదిలి పశ్చిమ మెక్సికోకు పోతే సమాధి ఆకారమే మారిపోతుంది. హలిస్కో, నయారిత్, కొలిమా రాష్ట్రాల్లో రెండు వేల ఏళ్ళ కింద బావిలా నిలువుగా తవ్వి, అడుగున పక్కలకు గదులు తొలిచి, కుటుంబాలను అక్కడ పూడ్చేవారు. హలిస్కోలోని హుయిట్సిలాపాలో 1993లో దొరికిన అలాంటి సమాధి ఎవరూ ముట్టనిది. 7.6 మీటర్ల లోతు, రెండు గదులు, ఒక్కో గదిలో ముగ్గురు. ఎముకల్లో కనిపించిన పుట్టుక లక్షణాలను బట్టి వారిలో ఎక్కువమంది రక్తబంధువులు. ముఖ్యుడు సుమారు 45 ఏళ్ళ పురుషుడు. చేతులకు, చెవులకు, ముక్కుకు పచ్చరాతి నగలు, చిప్ప నగలు. ఒంటి మీద వేల చిప్ప పూసలు కుట్టిన వస్త్రం. ఆయన కటి మీద, రెండు పక్కలా, గచ్చు పూసి రంగులు వేసిన శంఖాలు పెట్టారు. బల్లెం విసిరే సాధనాల కొక్కేలు కూడా పక్కన ఉన్నాయి.

మెడలో కాదు, చేతిలో కాదు, కటి మీద శంఖం. ఆ చోటును కాకతాళీయం అనుకోవడం కష్టం. ఆ సమాధికి వెయ్యిన్నర ఏళ్ళ తర్వాత, మధ్య మెక్సికోలో చంద్ర దేవుడు టెక్‌సిస్టెకట్ల్ గురించి 16వ శతాబ్దపు చిత్రగ్రంథాల్లో చేర్చిన వివరణ ఒకటి ఉంది: నత్త తన గుల్లలోంచి బయటికి వచ్చినట్టే మనిషి తల్లి గర్భంలోంచి బయటికి వస్తాడని. ఆ దేవుడి పేరులోనే శంఖం ఉంది. ఇన్ని శతాబ్దాల తర్వాత మరో భాష మాట్లాడేవారు చెప్పిన మాటను హుయిట్సిలాపా మీద నేరుగా మోపకూడదు, నిజమే. అయినా యుకటాన్ ఆడపిల్ల చిప్ప, పలెంకే రాణి చిప్పలోని బొమ్మ, హుయిట్సిలాపా శంఖం, ఈ వివరణ అన్నీ శరీరంలో ఒకే చోటును, ఒకే ఆలోచనను చూపిస్తున్నప్పుడు ఆ వరసను పట్టించుకోకపోవడం జాగ్రత్త అనిపించుకోదు.

శంఖానికీ మృత్యులోకానికీ ఉన్న బంధాన్ని 1558లో అజ్టెక్‌ల భాష నవాట్ల్‌లో రాసిపెట్టిన సృష్టి కథ మరింత స్పష్టంగా చెబుతుంది. పాత లోకాలు నశించాక మళ్ళీ మనుషులను చేయడానికి పూర్వుల ఎముకలు కావాలి. వాటి కోసం ఈకల సర్పం రూపపు దేవుడు కెట్సల్‌కోవాట్ల్ మృత్యులోకానికి దిగుతాడు. అక్కడి ప్రభువు ఎముకలు ఇస్తాను గానీ ఈ శంఖం ఊదుతూ నాలుగుసార్లు ప్రదక్షిణ చేయమంటాడు. ఇచ్చిన శంఖానికి బెజ్జం లేదు. అప్పుడు కెట్సల్‌కోవాట్ల్ పురుగులను పిలిచి దాన్ని తొలిపిస్తాడు, తేనెటీగలు లోపలికి దూరి మోగిస్తాయి. ఎముకలు పైకి వస్తాయి, దేవతల నెత్తురుతో కలిసి మనుషులవుతాయి. శంఖానికి బెజ్జం పడిన క్షణమే మృత్యువు చేతిలో ఉన్నది జీవం చేతిలోకి మారిన క్షణం. ప్రయోగశాలలో శంఖం బెజ్జం అంచును పరీక్షించేవారికి ఈ కథ తెలిసి ఉండటం అవసరం. ఊదిన శంఖం వేరు, ఊదడానికి వీలు లేకుండా వదిలేసిన శంఖం వేరు.

అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో, అంటే నేటి మెక్సికో నగరం ఉన్నచోట, ఈ భావన మహా కట్టడపు స్థాయికి చేరింది. 1978లో విద్యుత్ కార్మికుల తవ్వకంలో కొయొల్‌షావ్కి అనే దేవతను చెక్కిన శిల ఎదురై, ఎదువార్దో మాతోస్ మొక్తెసుమా ఆధ్వర్యంలో మొదలైన తెంప్లో మయోర్ తవ్వకాల్లో అర్పణ గుంటలు 200కు పైగా బయటపడ్డాయి. వీటిలో చాలావాటిని, లెయొనార్దో లోపెస్ లుహాన్ చూపించినట్టు, అడుగు నుంచి పొరలు పొరలుగా లోకం నమూనాలా పేర్చారు: అడుగున సముద్రపు ఇసుక, చిప్పలు, పగడాలు, ఆపైన జంతువులు, ఆపైన దేవతా మూర్తులు. సముద్రాన్నే మోసుకొచ్చి నగరం నడిబొడ్డున పూడ్చారు. కొన్ని గుంటల్లో దహనం చేసిన ప్రముఖుల అస్థికలు, కొన్నింటిలో బలి ఇచ్చిన పిల్లలు ఉన్నారు. 48వ అర్పణలో 42 మంది పిల్లలు. వర్ష దేవుడు ట్లాలోక్‌కు ఇచ్చిన పిల్లలు వారు.

ఇక్కడ అధికారమూ నమ్మకమూ ఒకదానికొకటి ఎంత దగ్గరో తెలుస్తుంది. 1486 నుంచి 1502 దాకా ఏలిన అవిట్‌సోట్ల్ చక్రవర్తి పసిఫిక్ తీరాన్ని జయించాక సివాట్లాన్ అనే సీమ కట్టవలసిన కప్పంలో 800 ఎర్ర చిప్పలు ఉన్నాయి. అజ్టెక్‌ల కప్పాల పట్టీ ఉన్న చిత్రగ్రంథం మెండోసా కోడెక్స్‌లో ఆ చిప్ప బొమ్మ, దాని పక్కన సంఖ్య గుర్తులు నేటికీ చూడవచ్చు. సమాధి వస్తువులను హోదా సరుకుగా మాత్రమే చూసే పండితులకు ఇది బలమైన ఆధారం: దూరం నుంచి వచ్చింది, కష్టపడి చేసింది, కొద్దిమందికే దక్కేది, కాబట్టి పెట్టినవాడి గొప్ప చాటేది. ఆ వాదన తప్పు కాదు. కానీ అది చిప్ప ఎందుకు, ఇంకేదైనా అరుదైన వస్తువు ఎందుకు కాదు అన్న ప్రశ్నకు జవాబివ్వదు. అరుదుగా ఉండటమే చాలు అనుకుంటే, మెక్సికో సింధుశాఖ తీరంలోని లా వెంతాలో, సముద్రానికి అంత దగ్గరగా ఉన్న, అజ్టెక్‌లకు ఎంతో పూర్వపు ఓల్మెక్ నాగరికత కేంద్రంలో, సమాధి కోసం పచ్చరాతిని చిప్ప ఆకారంలో చెక్కవలసిన పని ఏముంది? పచ్చరాయి చిప్ప కంటే ఎంతో విలువైనది. అదే సమాధిలో టేకు చేప ముల్లును కూడా పచ్చరాతిలో చెక్కి పెట్టారు. అంటే వారికి కావలసింది చిప్ప విలువ కాదు, చిప్ప రూపం. ఆ రూపాన్ని తరిగిపోని పదార్థంలోకి మార్చారు. ఆ నేల ఆమ్లగుణం ఎముకలను సైతం తినేసింది, ఇద్దరు చిన్నవారి పాలపళ్ళు తప్ప దాదాపు ఏమీ మిగల్చలేదు. పచ్చరాతి చిప్ప మాత్రం చెక్కుచెదరలేదు.

అలాగని ప్రతి చిప్పనూ గర్భమనో సముద్రమనో చదవడం కూడా పొరపాటే. టియోటివాకాన్ దండల దగ్గరికి తిరిగి వస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ పిరమిడ్ గోడల మీద ఈకల సర్పం సముద్రపు చిప్పల నడుమ మెలికలు తిరుగుతూ ఈదుతుంటుంది. అక్కడి చిప్పకు నీటి అర్థం ఉంది. దాని కింద 2003లో వానకు కుంగిన గుంటలోంచి బయటపడిన సుమారు 100 మీటర్ల సొరంగంలో సెర్హియో గోమెస్ బృందానికి పెద్ద పెద్ద శంఖాలు, పచ్చరాయి, రబ్బరు బంతులు, పాదరసం దొరికాయి. అక్కడా నీటి లోకమే. కానీ గోడకు అవతల, మట్టిలో, చేతులు కట్టేసిన యోధుడి మెడలోని చిప్ప పన్ను నీటి గురించి మాట్లాడటం లేదు. అది యుద్ధం గురించి, యూనిఫాం గురించి, రాజ్యం మనిషి శరీరాన్ని వాడుకునే తీరు గురించి మాట్లాడుతోంది. ఎముకలూ పళ్ళలోని ఆక్సిజన్ ఐసోటోపుల పరీక్షలు (తాగిన నీటి జాడను బట్టి మనిషి ఎక్కడ బతికాడో చెప్పేవి) ఆ సైనికుల్లో చాలామంది వేరేచోట పుట్టి, చావుకు ముందు చాలాకాలం టియోటివాకాన్‌లోనే బతికారని సూచించాయి. యుద్ధ ఖైదీలకు తొడిగిన వేషమా, సొంత సైనికులనే వారి వేషంతో బలి ఇచ్చారా అన్న చర్చలో ఆ దండలు వారి మెడలో ఎంతకాలం ఉన్నాయన్నది ముఖ్యమైన ప్రశ్న. ఏళ్ళ తరబడి ధరించినదైతే దారం బెజ్జాన్ని అరగదీస్తుంది. చావు కోసం చేసినదైతే బెజ్జం అంచు పదునుగానే ఉంటుంది.

ఇలాంటి ప్రశ్న వేయాలంటే నగ ఎవరి మెడలో, ఏ వరసలో ఉన్నదో తెలిసి ఉండాలి. మట్టిలో దారం కుళ్ళిపోయినా పూసలు పడిన చోటనే ఉంటాయి. వాటి వరస, మధ్య దూరాలు, రంగు మారే చోట్లు అన్నీ నగ అసలు రూపాన్ని నిలిపి ఉంచుతాయి. దోపిడీదారు పార మొదట చెరిపేసేది దాన్నే. పశ్చిమ మెక్సికో బావి సమాధుల్లో అత్యధిక భాగాన్ని 20వ శతాబ్దంలో మట్టి బొమ్మల కోసం తోడేశారు. బొమ్మలు సంగ్రహకర్తల ఇళ్ళకు చేరాయి. పూసలను కొత్త దారానికి, అమ్మినవారికి నచ్చిన వరసలో గుచ్చారు. అద్దాల పెట్టెల్లో అందంగా వేలాడే అలాంటి దండల్లో చిప్ప నిజమైనదే, దండ కాదు. మెడలోదో, వస్త్రానికి కుట్టినదో, నడుముకు కట్టినదో చెప్పగల ఆధారం వాటిలో మిగలలేదు. హుయిట్సిలాపాలో శంఖాలు ఆ పెద్దాయన కటి మీద ఉన్నాయని నేడు చెప్పగలుగుతున్నామంటే, 1993 దాకా ఆ బావి నోరు ఏ పార కంటా పడకపోవడమే కారణం.